ముందు నొప్పి తీరాలి
(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆమె పేరు ఆహ్వానపత్రంలో గానీ వేదిక మీద గానీ వద్దని ఆమె పిల్లలు కోరారు. బతికున్నన్నాళ్లూ శాలువా కప్పుతామంటే ఒప్పుకోని మనిషి ఆమె. పిల్లల కోరిక సబబే. నేను డాక్టరుగా ఉన్న క్యాన్సర్ వార్డులో ఈ నర్సును అందరం సిస్టరమ్మ అనే పిలిచేవాళ్లం. ఇవాళా అలాగే పిలుస్తాను.

మనిషి పడే బాధ గురించి, అందులో దొరికే అర్థం గురించి మాట్లాడమన్నారు. బాధ మనిషిని కడిగి శుభ్రం చేస్తుందని, పై మెట్టు ఎక్కిస్తుందని మనం తరచు వింటుంటాం. నలుగురి మధ్య కుర్చీలో కూర్చుని వినేటప్పుడు ఆ మాట బాగానే ఉంటుంది. దవడకు పుండు పడి, నోరు తెరవలేక, రాత్రుళ్లు కునుకు లేని మనిషి మంచం పక్కన నిలబడి అదే మాట అనగలమా? అక్కడ అనలేని మాట ఇక్కడ కూడా అనకూడదు. ఈ సాయంత్రానికి నేను పెట్టుకున్న నియమం అది.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. బాధకు దానంతటదిగా ఏ అర్థమూ లేదు. బాధపడుతున్న మనిషి బతుక్కి ఉంది. ఆ అర్థాన్ని ఎంత బాధలోనైనా ఆ మనిషి నిలుపుకోవచ్చు, కొత్తగా కనుక్కోనూవచ్చు. కానీ కనుక్కోవలసింది ఆ మనిషే. పక్కనున్నవాళ్లకు అప్పజెప్పిన పని వేరే ఉంది. తగ్గించగలిగిన నొప్పిని తగ్గించడం, తగ్గించలేనప్పుడు విడిచిపెట్టి పోకుండా ఉండటం. ఆ పని ఎగ్గొట్టి అర్థం బోధించడానికి కూర్చున్నామంటే, ఎంత మంచి మాటలు చెబుతున్నా మనం చేస్తున్నది కఠినమైన పనే.

వియన్నా వైద్యుడు

ఈ విషయం ఎత్తగానే చదువుకున్నవాళ్లకు విక్టర్ ఫ్రాంకల్ గుర్తొస్తాడు. 1905లో వియన్నాలో యూదు కుటుంబంలో పుట్టిన మనోవైద్యుడు. ఆయన పుస్తకం 'మ్యాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్' పేరుతో లోకమంతా తిరిగింది. దాని సారం అనుకుని మనవాళ్లు చెప్పుకునేది ఒక్క ముక్క: నరకంలాంటి నాజీ శిబిరంలో కూడా మనిషి అర్థం వెతుక్కోగలిగాడు, కాబట్టి నువ్వూ వెతుక్కో. ఆయన జీవితాన్ని కాస్త నిదానంగా చూస్తే ఈ ముక్క ఎంత అరకొరో తెలుస్తుంది.

నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించుకున్నాక ఫ్రాంకల్ అమెరికా వీసాకు దరఖాస్తు పెట్టుకున్నాడు. 1941లో అది చేతికొచ్చింది. వెళ్లిపోతే ప్రాణం దక్కుతుంది. ముసలి తల్లిదండ్రులు మాత్రం శిబిరం పాలవుతారు. ఎటూ తేల్చుకోలేని ఆ రోజుల్లో ఒకనాడు ఇంట్లో బల్ల మీద పాలరాతి ముక్క ఒకటి కనిపించింది. నాజీలు కూల్చేసిన యూదుల ప్రార్థనామందిరం శిథిలాల్లోంచి తండ్రి ఏరుకొచ్చిన ముక్క. పది ఆజ్ఞలు చెక్కిన పలకలో భాగమది. దాని మీద మిగిలిన ఒకే ఒక్క అక్షరం, తల్లిదండ్రులను గౌరవించమని చెప్పే ఆజ్ఞలోదని తండ్రి చెప్పాడు. ఫ్రాంకల్ వీసా గడువు దాటిపోనిచ్చి వియన్నాలోనే ఉండిపోయాడు.

1942 సెప్టెంబరులో ఆయన్ని, ఆయన భార్య టిల్లీని, తల్లిదండ్రులను థెరేసియన్‌స్టాట్ శిబిరానికి తరలించారు. కొద్ది నెలలకే, 1943 ఫిబ్రవరిలో, తండ్రి ఊపిరితిత్తుల్లో నీరు చేరి మరణశయ్య ఎక్కాడు. వయసు 81, ఒంట్లో తిండి లేదు, ఊపిరి అందడం లేదు. ఫ్రాంకల్ దగ్గర ఎవరి కంటా పడకుండా శిబిరంలోకి తెచ్చుకున్న మార్ఫిన్ సూదిమందు ఉంది. అది తండ్రికి ఎక్కించాడు. ఆయాసం సర్దుకున్నాక, ఇంకా నొప్పి ఉందా అని అడిగాడు. లేదన్నాడు తండ్రి. ఏమైనా కావాలా, ఏమైనా చెప్పాలా అని అడిగాడు. ఏమీ లేదన్నాడు. తండ్రిని ముద్దుపెట్టుకుని వచ్చేశాడు. మళ్లీ ప్రాణాలతో చూడననీ తెలుసు, తాను ఏ పని కోసం వియన్నాలో ఆగిపోయాడో ఆ పని జరిగిందనీ తెలుసు.

మిత్రులారా, నేను ఫ్రాంకల్‌ను చదివినప్పుడల్లా నిలబడిపోయేది ఇక్కడే. బాధలో అర్థం గురించి ఇరవయ్యో శతాబ్దానికి పాఠం చెప్పిన మనిషి, చావుబతుకుల్లో ఉన్న కన్నతండ్రి ముందు ఆ పాఠం తెరవలేదు. నొప్పి తీసేశాడు. ఆ తర్వాత అడిగాడు, చెప్పలేదు. ఆయన సిద్ధాంతం మొత్తాన్ని ఈ వరసలో పెట్టి చదువుకోవాలని నా విన్నపం.

1944 అక్టోబరులో ఆయన్ని ఆష్విట్జ్‌కు పంపారు. కోటు లోపల కుట్టి దాచుకున్న తన తొలి పుస్తకం రాతప్రతి అక్కడే పోయింది. అక్కణ్ణుంచి కౌఫరింగ్‌కు, చివరికి ట్యుర్క్‌హైమ్‌కు. టైఫస్ జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న రాత్రుళ్లు, పెన్సిలు ముక్కతో దొంగిలించిన కాగితాల వెనక ఆ పుస్తకాన్ని మళ్లీ రాసుకుంటూ మెలకువగా ఉన్నాడు. 1945 ఏప్రిల్ 27న అమెరికన్ సైనికులు ఆ శిబిరాన్ని విడిపించారు. వియన్నా చేరాక ఒక్కొక్క కబురూ తెలిసింది. తల్లిని ఆష్విట్జ్‌లో చంపేశారు. ఉన్న ఒక్క సోదరుడు వాల్టర్ పోయాడు. శిబిరం నడకల్లో ఎవరి ముఖం తలచుకుంటూ అడుగు తీసి అడుగు వేశాడో ఆ టిల్లీ బెర్గెన్-బెల్సెన్‌లో చనిపోయింది. ఆ కబుర్లు విన్న ఏడాదే తొమ్మిది రోజుల్లో, మొదట చెప్పిన ఆ శిబిరం పుస్తకాన్ని చెప్పి రాయించాడు.

ఆయన కనుక్కున్నదేమిటి? మనిషికి అర్థం మూడు దారుల్లో దొరుకుతుందన్నాడు. ఏదైనా పని చేయడంలో, ఏదైనా సృష్టించడంలో దొరుకుతుంది. ఒకరిని ప్రేమించడంలో, ఒక అందాన్నీ ఒక సత్యాన్నీ చవిచూడటంలో దొరుకుతుంది. ఈ రెండూ మూసుకుపోయి, మార్చలేని కష్టం ఎదురైనప్పుడు, ఆ కష్టం ముందు మనం ఎలా నిలబడతామన్నదాంట్లో దొరుకుతుంది. అందరూ ఈ మూడోదాన్నే పట్టుకుంటారు. దాని ముందు ఆయన పెట్టిన షరతును విడిచేస్తారు. బాధ తప్పించుకోగలిగినదైతే దాని మూలాన్ని తొలగించడమే అర్థవంతమైన పని, ఊరికే ఓర్చుకోవడం వీరత్వం కాదు అని ఆయన స్పష్టంగా రాశాడు. అర్థం దొరకాలంటే బాధపడి తీరాలని ఎక్కడా అనలేదు.

శిబిరంలో బతుకు మీద ఆశ వదులుకున్న ఇద్దరి సంగతి కూడా ఆయన రాశాడు. ఇక బతుకు నుంచి మాకు రావలసింది ఏమీ లేదు అన్నది ఇద్దరి మాటా. ఒకతనికి పరాయి దేశంలో బిడ్డ ఉంది, తండ్రి కోసం చూస్తోంది. రెండో అతను శాస్త్రవేత్త, రాస్తున్న గ్రంథాలు సగంలో ఉన్నాయి, వాటిని ఇంకెవరూ పూర్తి చేయలేరు. బతుకు నుంచి మీకేం రావాలన్నది అలా ఉంచండి, బతుకు మీ నుంచి ఏం అడుగుతోందో చూడండి అన్నాడు ఫ్రాంకల్. మనిషి తనను తాను దాటి వెళ్లడమంటే ఆయన దృష్టిలో ఇదే. కన్ను తనను తాను చూసుకోదు, చూసుకోనంతసేపే లోకం కనిపిస్తుంది అని ఆయన పోలిక. దాటడమంటే ఆకాశానికి ఎగరడం కాదు. నా నుంచి ఇంకొకరి వైపు, ఇంకొక పని వైపు తిరగడం.

ఒప్పుకోని సాక్షులు

అయితే అదే నరకం చూసినవాళ్లందరూ ఫ్రాంకల్‌తో ఏకీభవించలేదు. వాళ్ల మాట వినకుండా ఈ చర్చ ముగించడం అన్యాయం.

జాన్ అమెరీ కూడా వియన్నా బిడ్డే, ఫ్రాంకల్ కంటే ఏడేళ్లు చిన్న. బెల్జియంలోని బ్రీన్‌డోంక్ కోటలో గెస్టపో అతన్ని చేతులు వెనక్కి కట్టి వేలాడదీసి చిత్రహింస పెట్టింది. ఆ తర్వాత ఆష్విట్జ్. 1966లో వచ్చిన తన వ్యాసాల్లో, ఆ బాధ తనకేమీ నేర్పలేదని, తన చదువూ సంస్కారమూ శిబిరంలో ఎందుకూ కొరగాలేదని రాశాడు. చిత్రహింస పడ్డవాడికి లోకం మళ్లీ ఎన్నటికీ తన ఇల్లు కాదన్నాడు. 1978లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఇటలీ రచయిత ప్రీమో లేవీ 1986 నాటి పుస్తకంలో, తిరిగొచ్చినవాళ్లం గొప్పవాళ్లమేమీ కాదని, మేలైనవాళ్లు అక్కడే పోయారని రాశాడు. ఆశ్చర్యమేమిటంటే ఈ ఒక్క విషయంలో ఫ్రాంకల్‌దీ అదే మాట. మాలో ఉత్తములు తిరిగి రాలేదని ఆయనా రాశాడు.

ఈ ముగ్గురినీ ఒక్కచోట పెడితే నాకు అర్థమయ్యేది ఇది. బాధ మనిషిని పెంచుతుందన్నది ప్రకృతి సూత్రం కాదు. ఒక్కోసారి పెంచుతుంది, చాలాసార్లు విరిచేస్తుంది. ఫ్రాంకల్ నిలబడ్డాడు కాబట్టి అమెరీ కూలిపోవడం అతని తప్పని ఎవరైనా అంటే, అది చిత్రహింసకు మరో విడత. కష్టంలో బలం కూడదీసుకుని లేచినవాళ్లకు దండం పెడదాం. లేవలేనివాళ్లను తూకం వేసే హక్కు మనకు లేదు.

మన సంప్రదాయంలో రెండు గొంతులు

తెలుగు నేల మీద ఈ ప్రశ్న కొత్తది కాదు. మనకు బాగా తెలిసిన ఇద్దరిని గుర్తుచేస్తాను.

పదిహేడో శతాబ్దపు కంచర్ల గోపన్న, నేలకొండపల్లి మనిషి, పాల్వంచ తహసీల్దారు. సర్కారు శిస్తు డబ్బుతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. పన్నెండేళ్లు అక్కడే మగ్గాడని జనం చెప్పుకుంటారు. రామదాసు కీర్తనల్లో శాంతంగా ఓర్చుకునే భక్తుడొక్కడే లేడు. కొరడా దెబ్బలు తిన్న మనిషి దేవుణ్ణి నిలదీస్తాడు. సీతమ్మకు చేయించిన నగ, లక్ష్మణుడికి చేయించిన నగ ఖర్చుతో సహా లెక్క చెప్పి, ఎవరబ్బ సొమ్మనుకున్నావని దెప్పుతాడు. వెంటనే నొప్పికి తాళలేక తిట్టాను, మనసులో పెట్టుకోకు అని వేడుకుంటాడు. మన పెద్దలు ఆ కీర్తనను భక్తి పాటల్లోంచి తీసేయలేదు. ఊరూరా భజనల్లో పాడారు, పిల్లలకు నేర్పారు. బాధపడేవాడికి దేవుడి మీద కూడా కోప్పడే హక్కుందని మన సంప్రదాయం ఒప్పుకుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. వార్డులో మాత్రం రోగి దేవుణ్ణి తిట్టగానే పక్కనున్నవాళ్లం తప్పు తప్పంటూ నోరు నొక్కేస్తాం. రామదాసుకు ఇచ్చిన చనువు మంచం మీద ఉన్న మనిషికీ ఇద్దాం.

రెండో గొంతు గుర్రం జాషువాది. 1895లో వినుకొండలో పుట్టి, పుట్టిన దగ్గర్నుంచీ కులం పేరుతో అవమానాలు మింగిన కవి. 1941 నాటి 'గబ్బిలం'లో అంటరానివాడొకడు తన గోడు పరమశివుడికి చెప్పమని గబ్బిలాన్ని దూతగా పంపుతాడు. తనకు గుడి వాకిలి మూసేశారు, గబ్బిలానికి అడ్డులేదు. జాషువా ఆ బాధలోంచి మహాకావ్యం తీశాడు, నిజమే. కావ్యం వచ్చింది కదా అని ఆ బాధకు కృతజ్ఞత చెప్పమంటే ఆయన ఊరుకునేవాడా? ఆకలి, అంటరానితనం దేవుడు పెట్టిన పరీక్షలు కావు. మనుషులు పెట్టిన బాధలు. వాటిలో అర్థం వెతుక్కోమనడం వాటిని నిలబెట్టడమే. మనిషి పెట్టిన బాధకు జవాబు ఆ బాధను పెరికేయడం. జాషువా కవిత్వం ఆ జవాబు అడుగుతుంది. కర్మ సిద్ధాంతాన్ని ఆయన ఎందుకంత తీవ్రంగా నిలదీశాడో ఆసుపత్రి వార్డులో నాకు రోజూ తెలుస్తూనే ఉంటుంది. పూర్వజన్మలో ఏం పాపం చేసుకుందోనని బంధువులు గొంతు తగ్గించి అనే మాట మంచం మీదున్న మనిషికి స్పష్టంగా వినిపిస్తుంది. జబ్బుతో పాటు నేరం కూడా నెత్తిన పెట్టినట్టవుతుంది.

మొత్తం నొప్పి

ఇక నా వృత్తి వైపు వస్తాను. మరణానికి దగ్గరైన రోగుల సేవకు ఆధునిక రూపం ఇచ్చింది సిసిలీ సాండర్స్. లండన్‌లో ముందు నర్సు, వెన్నునొప్పితో ఆ పని మానుకున్నాక ఆసుపత్రిలో సామాజిక కార్యకర్త. 1948లో డేవిడ్ టాస్మా అనే పోలండ్ యూదు శరణార్థి క్యాన్సర్‌తో చనిపోతుంటే అతని దగ్గర కూర్చునేది. వయసు నలభై, నా అన్నవాళ్లు లేరు, లోకానికి తాను మిగిల్చిందేమీ లేదన్న దిగులు. చనిపోయేవాళ్ల కోసం ఒక మంచి చోటు ఉండాలని ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు. పోతూ పోతూ తన దగ్గరున్న 500 పౌండ్లు ఆమెకు రాసిచ్చి, నువ్వు కట్టబోయే ఇంట్లో నేనొక కిటికీనవుతానన్నాడు. ఆమె వైద్యవిద్యలో చేరి 1957లో డాక్టరైంది. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. ఆ కిటికీ ఇవాళ్టికీ అక్కడ ఉంది. తన బతుకు వృథా అనుకున్న మనిషి చివరి రోజుల్లోంచి ప్రపంచమంతా పాకిన వైద్యశాఖ పుట్టింది.

సాండర్స్ నేర్పిన పాఠాలు రెండు. మొదటిది మందు గురించి. అంతవరకూ రోగి నొప్పితో అల్లాడి అడిగితే తప్ప మార్ఫిన్ ఇచ్చేవారు కాదు. నొప్పి తిరిగి రాకముందే వేళకు ఇవ్వాలని, అలా ఇస్తే రోగి మత్తులో పడడని, వ్యసనపరుడు కాడని ఆమె లండన్ హాక్నీలోని సెయింట్ జోసెఫ్స్ హాస్పిస్‌లో వందలమంది రోగులను జాగ్రత్తగా గమనించి చూపించింది. రెండోది నొప్పి గురించి. ఒంటి నొప్పి, మనసు దిగులు, ఇంటి బాధ్యతల బరువు, నేనెందుకు బతికానన్న ప్రశ్న వేర్వేరుగా రావు, కలిసి ఒకే నొప్పిగా వస్తాయని గుర్తించింది. దానికి మొత్తం నొప్పి అని పేరు పెట్టింది. మార్ఫిన్ ఒక్కటే చాలదు. మార్ఫిన్ లేకుండా మిగతావేవీ మొదలవవు.

ఇది పుస్తకంలో మాట కాదని వార్డులో ఎన్నోసార్లు చూశాను. ఒక మగ్గం నేసే పెద్దాయన నాలుక క్యాన్సర్‌తో వచ్చాడు. గోడవైపు తిరిగి పడుకుని ఎవరితోనూ పలికేవాడు కాదు. చావుకు సిద్ధపడ్డాడని, వైరాగ్యం వచ్చిందని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. సిస్టరమ్మ ఒప్పుకోలేదు. అది వైరాగ్యం కాదు డాక్టరుగారూ, నొప్పి, పలకడానికి ఓపిక లేదంతే అన్నారు. నోటితో మింగలేడు కాబట్టి ముక్కుగొట్టం ద్వారా నాలుగు గంటలకోసారి మార్ఫిన్ ఇచ్చాం. మర్నాటి సాయంత్రానికి ఇటు తిరిగాడు. పలక తెమ్మని సైగ చేసి, మనవడు తన మగ్గం అమ్మేశాడా అని రాసి అడిగాడు. ఆ తర్వాతి రోజుల్లో ఆ కుర్రాడికి అచ్చు కట్టడంలో, పోగు అతకడంలో తనకు తెలిసిన కిటుకులు పలక మీద రాసి, చేతులతో చూపించి నేర్పాడు. ఆయన కోలుకోలేదు. కోలుకునే దశ దాటే వచ్చాడు. కానీ గోడవైపు తిరిగి పోలేదు. అర్థం వెతుక్కొమ్మని ఆయనకు ఎవరమూ చెప్పలేదు. నొప్పి అడ్డు తొలగాక తన పని ఏమిటో ఆయనకే తెలిసింది.

చేతికందని మందు

ఇప్పుడు మనమందరం సిగ్గుపడాల్సిన సంగతి చెబుతాను. మార్ఫిన్ నల్లమందు నుంచి వస్తుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో రైతులు గసగసాల పంట వేసి నల్లమందు తీస్తారు. నీమచ్, ఘాజీపూర్‌లలో ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. మనం విదేశాలకు ఎగుమతి చేసే దేశం. అయినా మన పల్లెల్లో క్యాన్సర్ రోగి అరుపులు ఇరుగుపొరుగుకు వినిపిస్తాయి. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక ఆసుపత్రి మార్ఫిన్ నిల్వ చేసుకోవాలంటే వేర్వేరు శాఖల నుంచి వేర్వేరు లైసెన్సులు కావాల్సి వచ్చింది. ఒకటి చేతికొచ్చేలోపు మరొకటి గడువు దాటేది. చాలా ఆసుపత్రులు విసిగి ఆ మందే తెప్పించడం మానుకున్నాయి. ఒక తరం డాక్టర్లు మార్ఫిన్ రాయడం ఎరగకుండానే చదువు ముగించారు. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి దారి సులువు చేసింది. చట్టం మారినంత త్వరగా భయం పోలేదు.

పేద దేశాల పరిస్థితి ఎలా ఉందో 2017లో లాన్సెట్ కమిషన్ లెక్క కట్టింది. తీవ్రమైన బాధతో ఉపశమన చికిత్స అవసరమైనవాళ్లు ప్రపంచంలో ఏటా 6 కోట్లకు పైగా ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది మనలాంటి అల్పాదాయ, మధ్యాదాయ దేశాలవాళ్లు. నోటి ద్వారా తీసుకునే మార్ఫిన్ మాత్ర ఖరీదైన మందు కాదు. ఈ బాధ తప్పించుకోగలిగింది. కాబట్టి ఫ్రాంకల్ షరతు ప్రకారం ఇక్కడ అర్థవంతమైన పని ఒక్కటే, దాన్ని తప్పించడం.

చేయవచ్చని చూపించినవాళ్లు మన పక్కనే ఉన్నారు. 1993లో కోళికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్, వాళ్ల మిత్రులు చిన్న క్లినిక్‌తో మొదలుపెట్టారు. తర్వాత కేరళలో ఊరూరా మామూలు మనుషులే, ఉపాధ్యాయులు, కూలీలు, విద్యార్థులు, శిక్షణ తీసుకుని తమ వీధిలోని రోగి ఇంటికి వెళ్లే పద్ధతి పెరిగింది. మన హైదరాబాద్‌లో ఎమ్మెన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం పనిచేస్తోంది. ఇవి ప్రతి జిల్లాకూ చేరాలి. ప్రతి నర్సూ ఈ పని నేర్చుకోవాలి. సిస్టరమ్మ పేరుతో ఏదైనా చేయాలనుకుంటే అది చేద్దాం.

ఎలా పలకరించాలి

నొప్పి తగ్గాక ఏం జరుగుతుంది? అప్పుడే మనిషి మాట్లాడతాడు. అప్పుడు వినే మనిషి కావాలి.

న్యూయార్క్‌లో విలియం బ్రైట్‌బార్ట్ అనే మనోవైద్యుడు, నాజీ మారణకాండ నుంచి బయటపడ్డ దంపతుల కొడుకు, ఫ్రాంకల్ భావాల ఆధారంగా క్యాన్సర్ రోగుల కోసం ఒక చికిత్స రూపొందించాడు. కొన్ని వారాలపాటు రోగి తన మూలాల గురించి, తాను ప్రేమించినవాటి గురించి, చేసిన పనుల గురించి, మిగల్చబోయేదాని గురించి మాట్లాడతాడు. బతుక్కి అర్థముందన్న భావం అలా పాల్గొన్నవాళ్లలో మెరుగుపడిందని పరిశోధనలు చూపాయి. కెనడాలో హార్వీ చోచినోవ్ మరణానికి దగ్గరైనవాళ్ల కథ రికార్డు చేసి, రాయించి, వాళ్లకే చదివి వినిపించి, వాళ్ల ఇంటివాళ్లకు మిగిల్చే పద్ధతి పెట్టాడు. 2011లో వచ్చిన పెద్ద అధ్యయనంలో దిగులు కొలిచే ప్రధాన కొలమానాల్లో పెద్ద తేడా కనబడలేదు. అయినా తమకది మేలు చేసిందని, తమ గౌరవం నిలబెట్టిందని రోగులు చెప్పారు. ఈ రెండు వాక్యాలూ నిజమే. మాటలతో అన్నీ తీరవు, మాటలు లేకపోతే కొన్ని ఎప్పటికీ తీరవు.

ఇందుకు మన ఊళ్లలో విదేశీ చికిత్స పేరు అక్కర్లేదు. పరామర్శకు వెళ్లడం మనకు అలవాటే. అయితే దాన్ని మనం కాస్త పాడుచేసుకున్నాం. వెళ్లగానే వైద్యం చెబుతాం, ఫలానా ఊళ్లో చెట్లమందు ఉందంటాం, మా బావగారికీ ఇలాగే అయిందని మన కథ ఎత్తుకుంటాం, అన్నీ మన మంచికేనని ముగిస్తాం. సిస్టరమ్మ దగ్గర నేను నేర్చుకున్న పరామర్శ పద్ధతి చెబుతాను. నిలబడి మాట్లాడవద్దు, స్టూలు లాక్కుని కూర్చోండి. మందు పడిందా, నిద్ర పట్టిందా అని అడగండి. ఆ తర్వాత రోగి ఏది మాట్లాడితే అది వినండి. పిల్ల పెళ్లి గురించైనా, పొలం గట్టు తగాదా గురించైనా, చావు గురించైనా సరే. చావు మాట ఎత్తితే అపశకునం అనకండి, ధైర్యంగా ఉండమని ఆపకండి. నాకెందుకిలా జరిగిందని అడిగితే జవాబు చెప్పకండి. అది మనల్ని అడుగుతున్న ప్రశ్న కాదు. మనం ఉండగా గట్టిగా అనుకోవడానికి ధైర్యం వచ్చిన ప్రశ్న.

అలా విన్న వార్డుల్లో నేను చూసిన మనుషుల గురించి ఒక్క మాట. చావు ఖాయమని తెలిసి, తనకొచ్చిన బత్తాయిలు పక్క మంచం పిల్లాడికి పంచిన తల్లిని చూశాను. కోర్టుకెక్కిన అన్నను పిలిపించి చేయి పట్టుకున్న తమ్ముణ్ణి చూశాను. చివరిదాకా కోపంగానే, దేవుణ్ణి క్షమించకుండానే పోయిన యువకుణ్ణి కూడా చూశాను. అతని కోపం వినడానికి సిస్టరమ్మ రోజూ వెళ్లి కూర్చున్నారు. ఈ ముగ్గురిలో ఎవరు గెలిచారని నేను లెక్క వేయను. ముగ్గురూ తమ చావు తాము చచ్చారు, పరాయివాళ్లు అప్పగించిన చావు కాదు. బాధను దాటడమంటే నాకు తెలిసినంతలో అంతకుమించి లేదు. ఆ కాసేపైనా బాధ మనిషికి యజమాని కాకపోవడం. ఇంకొకరి వైపు చేయి చాచగలగడం, కాదంటే తన కోపాన్నైనా తన గొంతుతో చెప్పుకోగలగడం.

ఇక్కడున్న యువ డాక్టర్లకు, నర్సింగ్ విద్యార్థులకు చివరిగా చెప్పేది ఇదే. మీకు రోజూ బాధ కనిపిస్తుంది. దాన్ని చూసి చూసి మొద్దుబారిపోయే ప్రమాదం ఒకటి, దాన్ని పొగిడే ప్రమాదం మరొకటి. రెండూ వద్దు. మీ వార్డులో మార్ఫిన్ ఉందో లేదో రేపు పొద్దున్నే కనుక్కోండి. లేకపోతే సూపరింటెండెంట్‌కు అర్జీ పెట్టండి, వచ్చేదాకా వదలకండి. మోతాదు లెక్క నేర్చుకోండి. తర్వాత కూర్చుని వినడం నేర్చుకోండి. రోగి బతుక్కి అర్థం మీరు ఇవ్వలేరు, ఇవ్వనక్కర్లేదు. అది వాళ్ల దగ్గర ఉంది. నొప్పి దాన్ని వాళ్లకు అందకుండా చేస్తోంది. ఆ నొప్పి తీయడం మీ చేతిలో పని, మీ చేతనయ్యే పని. ఆ పని మానేసి మనం చెప్పే ఏ వేదాంతానికీ విలువ లేదు. ఆ పని చేశాక బహుశా ఏ వేదాంతమూ మనం చెప్పనక్కర్లేదు.